బస్సు నిండా మనవాళ్ళే

రవాణా ఆఫీసు గుమాస్తాకు ఆ ఉదయం ఒక్కటే పని: తమ వీధి బస్సును బతికించుకోవడం. నగరంలో ఏ బస్సు పదికాలాల పాటు నడపదగిందో, ఏది దండగో తేల్చడానికి పై అధికారి స్వయంగా ఎక్కి చూస్తున్నాడు. ఈ చిన్న బస్సేమో ఎప్పుడూ సగం ఖాళీ. ఇది ఎత్తేస్తే, మోకాళ్ళ నొప్పులతో పెద్దరోడ్డు దాకా నడవలేని గుమాస్తా భార్య ఆసుపత్రి లాండ్రీలో పని మానుకోవాల్సిందే. ఆ పనంటే ఆమెకు ప్రాణం.

అందుకే ముందురోజే బావమరిది చెవిన వేశాడు. "మనవాళ్ళని ఓ నలుగుర్ని ఎక్కించవోయ్, చాలు."

బావమరిదికి ఏదీ చిన్నగా చేయడం చేతకాదు. పెద్దమ్మకు చెప్పాడు. ఆవిడ వియ్యాలవారికి చెప్పింది. వాళ్ళు ఇరుగుపొరుగునంతా వెంటబెట్టుకొచ్చారు. మొదటి స్టాపులోనే బస్సు కిక్కిరిసిపోయింది. అధికారి పక్కన నలుగుతూ నిలబడ్డ గుమాస్తాకు, తమ వీధిలో చెయ్యెత్తి నిలుచున్న భార్య కనిపించింది.

"ఆపవయ్యా!"

"ఆపి ఎక్కడ కూచోబెట్టను సార్, నా ఒళ్ళోనా?" అన్నాడు డ్రైవరు. ఆమె రోజూ కూర్చునే కిటికీ పక్కన ఆమె తమ్ముడే దర్జాగా కూర్చుని చెయ్యి ఊపాడు. బస్సు ఆగకుండా ఆమెను దాటిపోయింది.

చివరి స్టాపులో ఒక్కరూ దిగలేదు.

"దిగరేం?" అన్నాడు అధికారి.

"దిగి ఏం చేస్తాం నాయనా? మళ్ళీ ఇంటికేగా," అంది పెద్దమ్మ.

కొంప మునిగిందనుకున్నాడు గుమాస్తా. అధికారి మొహం మాత్రం వెలిగిపోయింది. "చూశావా! పని లేకపోయినా ఎక్కుతున్నారు! జనం ఇంతగా ప్రేమించే బస్సుకే భవిష్యత్తు. దీని బదులు పొడుగు కరెంటు బస్సు వేయిద్దాం. అది మీ సందులో తిరగదులే, పెద్దరోడ్డు మీదే పోతుంది."

"సార్... వీళ్ళంతా మా చుట్టాలు సార్. రోజూ ఇంతమంది ఉండరు."

"ఊరందరినీ చుట్టాలంటున్నావే! నీ మంచి మనసు నాకు తెలీదుటోయ్?" అని అధికారి అతని వీపు తట్టాడు.

సాయంత్రం భార్య అంతా విన్నది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లాండ్రీలో వేసుకునే కోటు ఉతికి, ఆరేసి, మడత పెట్టి బీరువా అడుగున పెట్టేసింది. "మా తమ్ముడికి బస్సు సుఖంగా ఉందిటండీ?" అని మాత్రం అడిగింది.

ప్రయాణికుల కష్టసుఖాలు తెలిసిన ఉద్యోగి అని ఆ నెలాఖరున ఆఫీసులో అతనికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.