బస్సుకి బాల్కనీ

కొబ్బరికాయ కొనాలంటే నాలుగు కాయలు చెవి దగ్గర పెట్టి ఊపి, కొట్టువాడి ముఖం అనుమానంగా చూసి, ఐదోది కొనే మనిషి శోభనాద్రి. బందరులో ఆయనకున్నది ఒకే ఒక్క విశాఖపట్నం బస్సు. ఎదురుగా కొత్తగా వెలసిన ట్రావెల్స్ వాడు కంప్యూటరు టికెట్లిస్తున్నాడని తన ప్యాసింజర్లు రోడ్డు దాటిపోతుంటే కడుపు మండి, ఆ పొద్దున్న తనూ ఒక కంప్యూటరు తెచ్చి కొబ్బరికాయ కొట్టాడు.

కంప్యూటర్ సెంటర్ ప్రకాశరావు సీడీ తీశాడు.

"ఇదంతా నువ్వే రాశావా?"

"టికెట్టు ముక్క నేనే రాశానండి. సీట్లు పంచే ముక్క ఇంటర్నెట్లో రెడీమేడుగా దొరికిందండి. ఊరికే."

"ఎవడు రాశాడు?"

"ఎవరో పుణ్యాత్ముడండి."

"వాడికి పేరుండదా, ఊరుండదా? నా బస్సు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాలా? ముందు నడిపి చూపించు!"

"టైమెక్కడిదండీ, జనం నిలబడ్డారు. పామర్రు బస్సుల కొండలరావుగారు కూడా తీసుకున్నారు. అడగండి."

శోభనాద్రి ఫోను తిప్పాడు. "బ్రహ్మాండం బావా!" అన్నాడు కొండలరావు. "అన్ని బస్సులున్న గుడివాడ ధర్మారావంతటివాడు పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకుని పెట్టించెయ్."

ఏడో తరగతిలో బడి మానేసినా మనుషుల్ని చదవడం వచ్చని శోభనాద్రి నమ్మకం. కళ్లు మూసుకున్నాడు.

మొదటి టికెట్టు మీద 'బాల్కనీ, మార్నింగ్ షో' అని పడింది.

"ఇదేంటయ్యా?"

"సినిమా హాలు కోసం రాసిన ముక్క కాబోలండి. సీటు నంబరు కరెక్టేగా!"

కరెక్టే. ఎంత కరెక్టంటే, బస్సు నిండగానే కంప్యూటరు మ్యాట్నీ మొదలుపెట్టి, అవే నంబర్లు మళ్లీ మొదటినుంచి ఇచ్చుకుంటూ పోయింది.

ఎండుచేపలమ్మే బుల్లెమ్మ మ్యాట్నీ టికెట్టుతో ఎక్కేసరికి ఆమె సీట్లో మార్నింగ్ షో బ్యాంకు ఆఫీసరు కూర్చుని ఉన్నాడు.

"బాల్కనీకి డబ్బులు తీసుకుని నేల మీద కూర్చోమంటావేంటి నాయనా? ఆయన్ని లెగమను!"

"నేను లేవను. నా షో అవలేదు," అన్నాడు ఆఫీసరు.

"పామర్రులో ఇంటర్వెల్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు.

సర్దిచెప్పడానికి శోభనాద్రి కూడా ఎక్కాడు. సొంత బస్సులో ఆయనకే సీటు లేదు. పామర్రు రాగానే మ్యాట్నీ వాళ్లంతా "ఇంటర్వెలైంది, లేవండి!" అని మీద పడ్డారు. బుల్లెమ్మ ఎండుచేపల గంప తీసి ఆఫీసరు ఒళ్లో పెట్టింది. "ఛీ! ఎదురు ట్రావెల్సే నయం!" అన్నాడాయన. ఆ మాట శోభనాద్రికి గుండెల్లో గుచ్చుకుంది. బస్సులోంచి ఒక్క దూకు దూకి, పామర్రు ఆఫీసు ముందు నిలబడి ఉన్న కొండలరావు చొక్కా పట్టుకున్నాడు.

"నీ కంప్యూటర్లోనూ మ్యాట్నీ ఉందా?"

"ఏమో బావా, అట్టపెట్టె ఇంకా విప్పలేదు."

"విప్పకుండానే బ్రహ్మాండమా!"

"ధర్మారావు పెట్టించాడన్నారు కదా! మధ్యలో నన్ను తిడతావేంటి?"

కొండలరావుని కూడా బస్సెక్కించాడు. నిలబడేవాళ్లలో ఇంకొకడు పెరిగాడు.

గుడివాడలో బస్సుకి బస్సు మొత్తం దిగి ధర్మారావు ఆఫీసులోకి జొరబడింది.

"మనిషివేనా నువ్వు? నువ్వు పెట్టించావని వీడు, వీడు చెప్పాడని నేను! ఒక్కసారైనా నడిపి చూశావా?"

ధర్మారావు తాగుతున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నేనెందుకు చూస్తానండీ? బందరులో ఒక పెద్దమనిషి ఆర్డరిచ్చారని ప్రకాశరావు చెప్పాడు. కొబ్బరికాయైనా ఊపందే కొనని మనిషి. ఆయన పెట్టిస్తున్నాక ఇంక నేను చూసేదేముందని నేనూ సరేనన్నాను, ఇంకా పెట్టించలేదు."

"ఎవడా వెధవ?"

"మీరేనండి."

బయట ఎదురు ట్రావెల్స్ బస్సు వచ్చి ఆగింది. ఆఫీసరు ముందు నడవగా మార్నింగ్ షో మొత్తం అందులోకి మారిపోయింది. శోభనాద్రి బస్సులో బుల్లెమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది.

ధర్మారావు శోభనాద్రి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ పెట్టించమంటారా, వద్దంటారా? మీరెలా అంటే అలాగేనండి."

తన మాటకి గుడివాడలో ఉన్న విలువ చూసి శోభనాద్రికి మొదటిసారి భయం వేసింది.