మంచి మోత ఉన్న బండి

ఆ రోజు పొద్దున పరుపులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త బండి వస్తుంది, అందులో ఇరవై చిన్న పరుపులు ఎక్కిస్తారు, మధ్యాహ్నం పిల్లల నిద్రవేళకి ముందే శిశు కేంద్రంలో దింపుతారు, ఇంటికొచ్చి భోంచేస్తారు. ఇందులో ఎవరికైనా కోపం రావాల్సిన చోటు ఎక్కడా లేదు. అయినా ఆయనకి పళ్ళు తోముకుంటున్నప్పటి నుంచే ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే బండి తెచ్చే పని బావమరిదికి అప్పజెప్పాడు.

ముక్కు మీద కోపం ఆయనకి మొదట్నుంచీ ఉన్నదే కానీ, ఊళ్ళో స్పంజి పరుపులు దిగాక అది ముక్కు దిగి ఒళ్ళంతా పాకింది. హాస్టళ్ళు, లాడ్జీలు, ఆస్పత్రి ఒక్కొక్కటే స్పంజికి మళ్ళిపోయాయి. దుకాణం వెనక గదిలో దూది ఏకే మిషను వారానికి రెండు రోజులు తిరిగితే గొప్ప. అలాంటి రోజుల్లో, ఉద్యోగాలకెళ్ళే తల్లిదండ్రులు పసిపిల్లల్ని పగలంతా వదిలిపెట్టే శిశు కేంద్రం మేడం దూది పరుపులు కావాలంటూ వచ్చింది. వచ్చి ఓ మెలిక పెట్టింది. "మా పిల్లలు మధ్యాహ్నం కన్ను మూయడం లేదండీ. మీ పరుపుల మీద పడుకున్నారా, మా మిగతా కేంద్రాలన్నిటికీ మీ చేతే కుట్టిస్తాను. పడుకోలేదా, సాయంత్రానికి మీవి మీరు పట్టుకెళ్ళండి." ఈ ఒక్క బేరం తప్పిపోతే మిషను పాత ఇనుముకి పోతుంది, దుకాణానికి తాళం పడుతుంది.

ఇక బావమరిది. అతని అసలు పేరు అక్కగారికి తప్ప ఎవరికీ గుర్తులేదు, అందరికీ టర్బోనే. కళ్ళు మూసుకుని చప్పుడు విని అది ఏ ఇంజనో చెప్పగలడు. కళ్ళు తెరుచుకుని మాత్రం ఇంట్లో ఉప్పు డబ్బా వెతుక్కోలేడు. ముందురోజు అతన్ని పాత బండ్ల వ్యాపారి దగ్గరికి పంపుతూ పరుపులాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "మంచి మోత ఉన్న పికప్ చూడరా. అందం చందం నాకక్కర్లేదు. మోత ముఖ్యం." ఆ మాట విని టర్బో కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకి బావ తనని అర్థం చేసుకున్నాడనుకున్నాడు పాపం.

బండి సందు మలుపులో ఉండగానే వీధిలో కిటికీలు గలగలమన్నాయి. ఎదురింటి డాబా మీద పావురాలు లేచిపోయాయి. నల్లగా, ఎత్తుగా, మూతి మీద రెండు పెద్ద రంధ్రాలతో పికప్ ఒకటి వచ్చి దుకాణం ముందు ఆగి గుర్రుమంది. దానిలోంచి టర్బో నిచ్చెన దిగినట్టు దిగాడు.

"ఏడు వందల గుర్రాలు బావా!" అన్నాడు, ప్రతి గుర్రాన్నీ తనే పెంచినట్టు.

"పరుపులు మోయడానికి ఏడు వందల గుర్రాలెందుకురా?"

"నాలుగు సెకన్లలో వంద కొడుతుంది!"

"ఎవర్ని కొడుతుందిరా? మనం వెళ్ళేది నాలుగు వీధుల అవతలికి!"

పరుపులాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరుగుతున్నకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది. మనుషులు కూర్చునే చోటు గదంత ఉంది, సామాను పెట్టే తొట్టి గూడంత ఉంది. ఆ తొట్టి కూడా ఆయన ఛాతీ ఎత్తున ఉంది. అందులో సగం చోటు మళ్ళీ ఓ స్పేర్ టైరు, మెరిసే ఇనప కమ్మీ ఆక్రమించుకున్నాయి.

"నేనేం చెప్పాన్రా? మోత బాగుండాలని చెప్పానా లేదా?"

"చెప్పావు. అందుకేగా దీన్ని పట్టాను. విను" అంటూ టర్బో చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాడు. పరుపులాయన చెవులు గింగుర్లెత్తాయి. పక్క కొట్లో టీ తాగుతున్నాయన చొక్కా మీద పోసుకున్నాడు.

"ఆ మోత కాదురా దరిద్రుడా! బరువు మోత! మోసే మోత!"

"మరి మోసే మోత అని విడమరిచి చెప్పాలిగా! బండి గురించి మాట్లాడుతూ మోత అంటే ఎవడైనా ఇంజన్ మోతే అనుకుంటాడు."

ఆ తరవాత కాసేపు పరుపులాయన అతన్ని దూది ఏకినట్టు ఏకేశాడు. గొడవకి బయటికొచ్చిన భార్య తమ్ముడి వైపు నిలబడింది. "వాడేం చేస్తాడండీ, మీరన్న మాటే చేశాడు. వారంలోగా నచ్చకపోతే తిరిగి తీసుకుంటానన్నాడట కదా ఆ వ్యాపారి. ఇవాల్టికి దీంతో కానివ్వండి." పాత వ్యాను ఇచ్చేసే ఈ బండి తెచ్చాడు కాబట్టి కానివ్వక చేసేదేమీ లేదు. రేపు పొద్దున్నే ఈ గుర్రాలన్నిటినీ తోలుకెళ్ళి ఎక్కడివక్కడ కట్టేసి రమ్మని తీర్పు చెప్పి, పరుపులాయన పంచె ఎగ్గట్టాడు.

తొట్టిలో ఆరు పరుపులు పట్టేసరికి నిండిపోయింది. మిగతావి వెనక సీట్లో పెడదామంటే టర్బో అడ్డంగా నిలబడ్డాడు. "తోలు సీట్లు బావా! నూగు అంటుకుంటుంది!"

"నా దూదికి నూగుంటుందా? ఎవడితో అంటున్నావురా ఆ మాట?" అని పరుపులాయన రోషానికి పోయి, మిగిలిన పద్నాలుగూ తొట్టిలోని వాటి మీదే పేర్చాడు. తన చేత్తోనే తాడు బిగించి, కమ్మీకి ముడి మీద ముడి వేశాడు. వేసి, లాగి చూసి, ఈ ముడి ఊడితే తను దబ్బనం పట్టడం మానేస్తానన్నాడు.

ముడి ఊడలేదు. అది ఆయన తప్పు కానేకాదు. మొదటి కూడలిలో పచ్చదీపం పడగానే టర్బో యాక్సిలరేటర్ కొంచెం, తన లెక్కలో కొంచెం, తొక్కాడు. ఏడు వందల గుర్రాలకి కొంచెం అంటే ఏమిటో తెలియదు. పరుపులాయన వీపు సీటుకి అతుక్కుపోయింది, నోట్లో ఉన్న తిట్టు గొంతులోకి వెనక్కి పోయింది. బండి వెళ్ళిపోయింది. పరుపులు మాత్రం తాడు కింద నుంచి జారి, ఎక్కడున్నవి అక్కడే గాల్లో క్షణంపాటు నిలబడి, కూడలి నిండా పరుచుకున్నాయి. ముడి కమ్మీకి భద్రంగా ఉంది.

బస్సులు ఆగిపోయాయి. ఒకాయన స్కూటర్ దిగి, పరుపు మీద అరచెయ్యి నొక్కి చూసి, "కొంచెం గట్టిగా ఉందండీ, ఇంకోటి చూపిస్తారా?" అన్నాడు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుకుంటూ వచ్చి, "నడిరోడ్డు మీద దుకాణం పెడతారా? అమ్ముకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అని కర్ర ఎత్తాడు. అమ్మడం లేదు బాబూ, పడ్డాయి అని పరుపులాయన మొత్తుకుంటుంటే, ఆ వెనకే స్కూటరాయన ధరెంతని అడుగుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అటు టర్బో బండిని వెనక్కి తెస్తున్నాడు. ఆ మోతలో తన గొంతు తనకే వినబడక పరుపులాయన ఫోన్లో అరిచాడు.

"పరుపులన్నీ రోడ్డున పడ్డాయే!"

"పరువు రోడ్డున పడిందా? అయ్యో, ఏమైందండీ?"

"ఇంకేమవుతుంది? నీ తమ్ముడు తొక్కాడు!"

"తొక్కాడా? ఎవర్నండీ?"

"ఎవర్నేంటి? గట్టిగా తొక్కాడు! వద్దంటే వింటేగా!" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

తమ్ముడు బండి కింద ఎవర్నో తొక్కేశాడనుకుని ఆవిడ ఏడుపందుకుంది. పరుపులు ఆలస్యమవుతాయని చెప్పడం ధర్మం కాబట్టి, ఏడుస్తూనే శిశు కేంద్రానికి ఫోన్ చేసింది. "మావాడు రోడ్డు మీద తొక్కేశాడట మేడం, పరువు మొత్తం పోయింది" అంది. ఇరవై మంది పసిపిల్లల గోలలో మేడం చెవికి అది పరుపు మొత్తం పోయిందని చేరింది. పరువును పరుపుగా, పరుపును పరువుగా విని ఇద్దరాడవాళ్ళూ తలో తప్పు చేస్తే, రెండు తప్పులూ కలిసి నిజం దగ్గరికొచ్చాయి. మేడం క్షణం ఆలస్యం చేయకుండా స్పంజి షాపుకి ఫోన్ చేసింది.

కూడలిలో కానిస్టేబుల్ ఓ షరతు మీద వదిలిపెట్టాడు. మనిషి నడిచే వేగం దాటితే బండిని స్టేషన్‌కి పట్టుకుపోతానన్నాడు. తాడును నమ్మే ఓపిక పరుపులాయనకి పోయింది. కాబట్టి మిగతా దారంతా ఏడు వందల గుర్రాల బండి ముందు నత్తలా పాకుతుంటే, ఆయన దాని వెనక రెండు చేతులూ చాచి, మళ్ళీ పేర్చిన పరుపుల్ని అదిమిపట్టుకుని నడిచాడు. చేతికర్రతో వెళ్తున్న పెద్దాయనొకాయన వాళ్ళని దాటి వెళ్ళిపోతూ, "తోయాలా బాబూ?" అని అడిగాడు. పొగ మొహాన కొడుతుంటే పరుపులాయన తిట్టిన తిట్లు టర్బో ఏడు తరాల వాళ్ళకీ సరిపోతాయి. ఆ తరాల్లో తన భార్య కూడా ఉందని ఆయనకి ఆ వేళ గుర్తురాలేదు.

వాళ్ళు చేరేసరికి నిద్రవేళ దాటిపోయింది. శిశు కేంద్రం సన్నటి సందులో స్పంజి షాపు ట్రాలీ ఆటో అడ్డంగా ఉంది. లోపల స్పంజి పరుపులు పరిచేశారు, పిల్లలు వాటి మీద బంతుల్లా ఎగురుతున్నారు. ఎగరని వాళ్ళు ఏడుస్తున్నారు. ఎగిరి పడ్డవాళ్ళు ఇంకా గట్టిగా ఏడుస్తున్నారు.

"దూదిది వెయ్యండి మేడం, ఒక్కసారి వేసి చూడండి" అన్నాడు పరుపులాయన, చెమట తుడుచుకుంటూ.

"రోడ్డున తొక్కిన పరుపుల మీద పసిపిల్లల్ని పడుకోబెట్టమంటారా?"

"ఎవరూ తొక్కలేదండీ! దుమ్ము దులిపితే..."

"మీ ఇంటావిడే చెప్పింది! చాలండీ బాబూ. దూదీ వద్దు, స్పంజీ వద్దు. పాత చాపలే నయం. ఇద్దరూ ఎత్తుకుపోండి!" అని మేడం తలుపు మూసేసింది.

పరుపులాయనకి తల కొట్టేసినట్టయింది. పక్కనే స్పంజి షాపాయన గొణుక్కుంటూ తన సరుకు మోసుకొస్తున్నాడు. టర్బో తల వంచుకుని బండి తలుపు తీశాడు. "తప్పు నాదే బావా. ఇది మనకి పనికొచ్చే బండి కాదు. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో బావమరిది నోట తప్పు అనే మాట రావడం అదే మొదలు. దాన్ని ఆనందించే ఓపిక కూడా ఆయనకి లేదు.

ట్రాలీ ఆటో కదిలితే గానీ బండి తిప్పడానికి సందు చాలదు. టర్బో ఇంజన్ వేసి, దారి కోసం చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ తొక్కకపోవడంతో బండి అరవలేదు. కడుపులోంచి సన్నగా, ఆగకుండా, గుర్రు పెడుతున్నట్టు మోగసాగింది. గోడ కొద్దిగా అదిరింది. కిటికీ రెక్కలు కొద్దిగా అదిరాయి. కాసేపటికి మేడం వట్టి కాళ్ళతో బయటికి పరిగెత్తుకొచ్చింది.

ఇంకో తిట్టు పడే ఓపిక లేక పరుపులాయన తనే ముందుగా విరుచుకుపడ్డాడు. "ఆపరా వెధవా! పసిపిల్లలున్నారిక్కడ!"

టర్బో ఆపాడు. ఆ మరుక్షణం లోపల ఇరవై గొంతులూ ఒక్కసారి లేచాయి.

"ఎవరాపమన్నారండీ?" అంది మేడం, గుసగుసగా, కానీ కొట్టేటట్టు. "ఇప్పుడే కళ్ళు మూశారు! వెయ్యండి! వెయ్యండి ముందు!"

టర్బో వేశాడు. ఏడుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. పరుపులాయన కిటికీలోంచి చూశాడు. చిరిగిన చాపల మీద, అడ్డదిడ్డంగా, నోళ్ళు తెరుచుకుని పిల్లలందరూ నిద్రపోతున్నారు. స్పంజి షాపాయన ఇది చూసి, తన ఆటో కూడా మోగుతుందంటూ స్టార్ట్ చేశాడు. అది టకటకమనగానే ఒక పిల్ల ఉలిక్కిపడి లేచింది. మేడం ఆయన్ని సందు చివరిదాకా తరిమి వచ్చింది.

"రోజూ మధ్యాహ్నం ఈ బండి పంపండి" అంది తిరిగొచ్చి. "గోడ బయట నిలబెడితే చాలు."

పరుపులాయనకి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. తాతల నాటి నుంచి జనాన్ని నిద్రపుచ్చిన చేతులివి. చేత్తో ఏరి, ఏకి, కుట్టిన దూది చేయలేని పని, ఈ తాగుబోతు ఇనప దున్న ఉన్నచోట ఊరికే నిలబడి చేసేసింది. బండికి ఓ తన్ను తందామనుకున్నాడు. కానీ ఆయన పుట్టు వ్యాపారి.

"బండి విడిగా రాదు మేడం. పరుపులతో కలిపే వస్తుంది."

మేడం లోపలికి చూసింది, బండిని చూసింది, తాళం మీదున్న టర్బో చేతిని చూసింది. "దులిపి వేయించండి. మిగతా కేంద్రాలకీ కొలతలు రేపొచ్చి తీసుకోండి" అంది.

ఆమె లోపలికి వెళ్ళాక టర్బో కిటికీలోంచి తల బయట పెట్టాడు. అతనికి నిజంగానే జ్ఞానోదయమైంది. "ఇంతోటి దానికి ఏడు వందలు వృథా కదా బావా. రేపు దీన్నిచ్చేసి, రెండు వందల గుర్రాలది, తొట్టి పెద్దది..."

"నోర్ముయ్!" పరుపులాయన పళ్ళు పటపట కొరికాడు. "ఒక్క గుర్రం తగ్గిందో, నీ వీపు చిట్లుతుంది!"

నాలుగు సెకన్లలో వంద కొట్టే ఆ బండి ఆ గోడ పక్కనే ఉద్యోగంలో కుదురుకుంది, అడుగు కదలకుండా.