కలెక్టర్ని నరికిన కుటుంబం

బుడమేరు బెజవాడలో సగాన్ని ముంచిపోయిన మరుసటి ఎండాకాలంలో, హత్య జరగడానికి మనిషి చావనవసరం లేదని, సినిమా తీస్తే చాలని ఈ దేశంలో అధికారికంగా తేలింది. అది తేలిన చోటు రెడ్డిగూడెం పక్కన, మామిడితోటల మధ్య, సలోమోను ఇంటి వాకిలి. (బుడమేరు అంత దూరం రాలేదు. సినిమావాళ్ళు వచ్చారు.)

సలోమోను డెబ్భై దాటిన మనిషి. మూడో తరగతితో చదువు ఆపాడు. ఆ తర్వాత కొద్దికాలానికే మాట్లాడటం కూడా దాదాపుగా ఆపాడు. ఇంట్లోకి కావలసిన మాటలన్నీ భార్య జోజమ్మ మాట్లాడుతున్నప్పుడు రెండో మనిషి కూడా మాట్లాడటం దండగని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని కూడా ఆయన చెప్పలేదు. జోజమ్మే చెప్పింది.

అసలు జరిగిందంతా ఆ జోజమ్మ నోటి చలవే. అంతకు ముందు ఏడాది రోడ్డు మీది టీ కొట్టు దగ్గర యోగిత అనే హైదరాబాదు అమ్మాయి కారు ఆపింది. పాత నేరాల కథలు ఊరూరా సేకరించి సినిమా తీయాలని ఆమె కోరిక. పాత నేరాలేమైనా ఉన్నాయా అని కొట్టువాణ్ణి అడుగుతుంటే, బెంచీ మీద కూర్చున్న జోజమ్మ ఊరి పరువు పోతోందని కల్పించుకుంది.

"ఎందుకు లేవమ్మాయ్. ఉప్పెన ఏడాది మా మావ మత్తయి కలెక్టర్నే నరికాడు. నేను కాపురానికొచ్చిన కొత్త. కళ్ళారా చూశా."

యోగిత టీ గ్లాసు కింద పెట్టింది. "కలెక్టర్నా? ఎందుకు అమ్మమ్మా?"

"గాలికి ఇంటి మీదకి ఒరిగిపోయింది. ఊరుకుంటే మమ్మల్నందర్నీ చంపేసేది. మావ గొడ్డలి తీసుకుని మొదట్లోనే ఒక్కటేశాడు. సాయంత్రానికి ముక్కలు. వాటినే ఎండబెట్టి ఏడాదంతా పొయ్యిలో పెట్టుకున్నా. కలెక్టరు బాగా మండుద్దమ్మాయ్. పొగే రాదు."

(నూజివీడు పరిసరాల్లో కలెక్టరు అంటే మామిడిలో ఒక రకం. పొడుగ్గా, ముక్కు వంకరగా ఉంటుంది, ఎక్కువగా జ్యూసు ఫ్యాక్టరీకి పోతుంది. 'ఈ ఏడు కలెక్టరు బాగా కాసింది' అని అక్కడ చంటిపిల్లలు కూడా అంటారు. అది తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల పుట్టరు. యోగిత కూకట్‌పల్లిలో పుట్టింది.)

హైదరాబాదులో ఆ మాటల్ని కాగితం మీద పెట్టేటప్పుడు చిన్న చిక్కొచ్చింది. ముసలమ్మ కలెక్టర్ని పట్టుకుని 'ఒరిగిపోయింది', 'చంపేసేది', 'మండుద్ది' అంటోంది. పల్లెటూరివాళ్ళకు వ్యాకరణం రాదని సంభాషణల రచయిత తేల్చాడు. 'ఒరిగిపోయాడు', 'చంపేసేవాడు', 'మండుతాడు' అని దిద్దాడు. ఒక మామిడిచెట్టు ఐఏఎస్ పాసవడానికి పట్టిన సమయం అంతే.

సినిమా పేరు 'పొయ్యిలో కలెక్టరు'. చరిత్రలో నిజంగా జరిగిన నేరం ఆధారంగా తీసిన డార్క్ కామెడీ అని పోస్టరు మీద వేశారు. అయితే చచ్చినవాళ్ళ మీద ఊరికే సినిమా తీయడానికి లేదు. చారిత్రక నేరాల చిత్రీకరణ అనుమతుల విభాగం అని ఒకటుంది. (లేకపోతే పెట్టేవాళ్ళు.) చనిపోయిన కలెక్టరు ఎవరో తెలపాలని యోగిత అర్జీ పెట్టుకుంది. జవాబు త్వరగానే వచ్చింది. రికార్డుల ప్రకారం కలెక్టర్లెవరూ నరకబడలేదనీ, అయితే ఉప్పెనలో కొన్ని రికార్డులు తడిసినందున ఇద్దరు కలెక్టర్లు ఆ తర్వాత ఏమయ్యారో చెప్పలేకపోతున్నామనీ, దర్శకులు వారిలో తమకు అనుకూలమైనవారిని ఎంచుకోవచ్చుననీ దాని సారాంశం.

యోగిత లావుగా ఉన్నాయన్ని ఎంచుకుంది.

కాయ కోతలు మొదలయ్యేసరికి ఊళ్ళోకి వ్యాన్లు వచ్చాయి. తోటలో లైట్లు పెట్టారు. జోజమ్మకు కుర్చీ వేశారు. పుట్టి బుద్ధెరిగాక తోటలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. సఫారీ సూటు వేసుకున్న ఒక లావాటి నటుడు వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి, "అమ్మా, నేనేనండి కలెక్టర్ని" అన్నాడు.

జోజమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. మొగుడి చెవిలో, "చెట్టు వేషం మనిషికిచ్చారేంటయ్యా?" అంది. కాసేపు ఆలోచించి, "సినిమాల్లో అంతేనేమో లే. లావు మాత్రం సరిపోయింది" అని తనే సర్దుకుంది.

సలోమోను సర్దుకోలేదు. ఆయన ఆ సాయంత్రం దాకా చూశాడు. తన తండ్రి వేషం వేసిన కుర్రాడు పళ్ళు కొరుకుతూ సఫారీ సూటాయన్ని తరమడం చూశాడు. సూటాయన తోటంతా పరుగెత్తి రసాల గంపలో పడటం, చుట్టూ వందమంది నవ్వడం చూశాడు. మత్తయి బతికున్నన్నాళ్ళూ కోడిని కూడా తను కోయలేక పక్కింటివాళ్ళ చేత కోయించుకున్న మనిషి. సలోమోను లేచి యోగిత దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"చెట్టు" అన్నాడు.

యోగిత కళ్ళు చెమర్చాయి. "అంటే కలెక్టరుగారు చెట్టులాంటివాడంటారా తాతగారూ? అందరికీ నీడ ఇచ్చేవాడని. అలాంటివాణ్ణి మీ నాన్న నరికేశాడని ఇన్నేళ్ళూ మీ గుండెల్లో..."

ఆ మాటను మర్నాడే సినిమాలో పెట్టేశారు. సలోమోను మళ్ళీ నోరెత్తలేదు. ఎత్తితే అదీ పెడతారని భయం.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కోతలకొచ్చిన కూలీలంతా జనం వేషాలు వేసుకున్నారు. ప్రార్థనకొచ్చినవాళ్ళు కూడా పాస్టరుగారితో ఎంతసేపూ షూటింగు మాటలే. ఉంగుటూరు నుంచి, చింతలపూడి నుంచి చుట్టాలు దిగి, "మాక్కూడా మత్తయి తాతే" అని వరస కలుపుకున్నారు. హంతకుడి తాలూకు అనిపించుకోవడంలో ఇంత గౌరవం ఉందని ఆ వంశంలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

నష్టం షాలోమి రూపంలో వచ్చింది. షాలోమి సలోమోను మనవరాలు. రోజూ తెల్లవారక ముందే రోడ్డు మీద పరుగెత్తి పరుగెత్తి పోలీసు కానిస్టేబులుగా ఎంపికైంది. ఆ ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం చూసిన మొదటి మనిషి తనే. ట్రైనింగుకు పోవడానికి ట్రంకు పెట్టె కూడా కొనుక్కుంది. ఇక మిగిలింది పూర్వీకుల నడవడి విచారణ విభాగంవారి సంతకం ఒక్కటే. ఆ విభాగంలో ముఖ్య పరిశీలకుడు లక్ష్మీనరసింహారావు. ఆయన సంతకం పెట్టబోతూ టీ తాగుదామని ఆగి, టీ తాగుతూ ఫోను చూసి, ఫోనులో ట్రైలరు చూశాడు. 'హంతకుడు మత్తయి. పేరు మార్చలేదు' అని అందులో ఎర్రక్షరాలతో వేశారు.

షాలోమిని పిలిపించాడు. తోడుగా సలోమోను వెళ్ళాడు.

"మీ ముత్తాత కలెక్టర్ని చంపాడంటగా?" అన్నాడు లక్ష్మీనరసింహారావు. తిడుతున్నట్టు కాదు, ఊరూ పేరూ అడుగుతున్నట్టు.

"అది మామిడిచెట్టండి. కలెక్టరు మామిడి."

"నేను ట్రైలరు చూశానమ్మా. ప్యాంటు వేసుకుంది."

"అది సినిమా కదండీ."

"నిజంగా జరిగింది అని రాశారు. నిజం కాకపోతే ఎందుకు రాస్తారు?" ఆయన సలోమోను వైపు తిరిగాడు. "ఏమండీ పెద్దాయనా, మీరేం మాట్లాడరే?"

సలోమోను మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని అంగీకారంగా పరిగణించవచ్చునని అక్కడ నిబంధన ఉంది. (మాట్లాడటాన్ని ఒత్తిడిగా పరిగణించవచ్చునని దాని కిందే ఇంకొకటి ఉంది.) చెట్టైతే రుజువు తెమ్మని పంపేశారు. ట్రైనింగు బండి సోమవారం కదులుతుంది.

షాలోమి బయటికొచ్చి యోగితకు ఫోను చేసింది. నరికింది చెట్టునేనని ఒక్క ముక్క రాసివ్వమని బతిమాలింది.

"నిజంగా చెట్టేనా?"

"చెట్టేనక్కా."

"షాలోమీ, మనిషైతే డార్క్ కామెడీ. చెట్టైతే వ్యవసాయం. వ్యవసాయం ఎవరు చూస్తారు చెప్పు? నువ్వు ఇంకెవరితోనూ ఈ మాట అనకే తల్లీ, నా సినిమా చచ్చిపోద్ది" అంది యోగిత. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమెకు యాస మాత్రం బాగా పట్టుబడింది.

ఇంటికెళ్ళి చెబితే జోజమ్మ నెత్తి బాదుకుంది. "నేను మండుద్దనే చెప్పానే. మండుతాడని ఎప్పుడన్నాను? మగమనిషిని కట్టెల్లా పొయ్యిలో పెట్టుకుంటానా? నాకు సిగ్గుండదా?"

సలోమోను చిక్కం కట్టిన గెడ తీసుకుని తోటలోకి పోయాడు. ఇంటి వెనక ఇంకా ఒక కలెక్టరు చెట్టుంది. తను నరికినదాని పక్కన మత్తయే నాటింది. దాని మీద నుంచి ఒక మంచి కాయ దించి, తుడిచి, జేబులో వేసుకున్నాడు.

మర్నాడు లక్ష్మీనరసింహారావు బల్ల మీద ఆ కాయ పెట్టాడు.

"కలెక్టరు" అన్నాడు.

ఆ గదిలో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ రాకపోయేసరికి కూర్చున్నారు. అప్పుడు అటెండరు ఆరోగ్యం వంగి చూసి, "అవునండి సార్, కలెక్టరే. మాది ఇటువైపేనండి. నేను గుర్తుపడతాను" అని ధ్రువీకరించాడు. మృతుడు స్వయంగా హాజరైన సందర్భం ఆ కార్యాలయ చరిత్రలో అంతకు ముందు లేనందువల్ల ఏం చేయాలో కాసేపు ఎవరికీ తోచలేదు. చివరికి ఆరోగ్యం చాకు, ఉప్పూ కారం తెచ్చాడు. రుజువును నలుగురూ పరిశీలించారు. రెండో ముక్క పరిశీలించాక లక్ష్మీనరసింహారావుకు పూర్తి నమ్మకం కుదిరింది.

"చెట్టేనండి. సందేహం లేదు" అన్నాడు వేళ్ళు తుడుచుకుంటూ. షాలోమి ముఖం విప్పారింది. ఆయన పెన్ను తీశాడు. మూత కూడా తీశాడు. తీసిన మూత మళ్ళీ పెట్టేశాడు.

"అయితే మీవాళ్ళు చెట్టు నరికారన్నమాట."

ఆరోగ్యం ఉప్పూ కారం పక్కకి జరిపాడు.

"పచ్చని చెట్టు. అనుమతి లేకుండా." ఆయన గొంతులో మొదటిసారి బాధ వినిపించింది. "పెద్దాయనా, మనిషిని చంపి ఉంటే ఏమీ లేదండీ. చంపినాయన పోయారు, కేసు ఆయనతోనే పోయింది. అది తెలుసుకుని ఇవాళ సంతకం పెట్టేద్దామనే కూర్చున్నాను. ఈలోగా మీరు నిజం పట్టుకొచ్చారు. చెట్టు కేసు అలా పోదండి. అది వంశానికి అంటుకుని ఉంటుంది. పడగొట్టిన చెట్ల పునర్విచారణ విభాగంవాళ్ళు వచ్చి నరికిన మొద్దు చూడాలి. ఇంటి మీదకి ఒరిగిందంటున్నారు, దానికి ఆ రోజు వీచిన గాలి నుంచి వాంగ్మూలం కావాలి. అమ్మాయికి వయసు దాటిపోయేలోగా అయిపోవచ్చు. అదృష్టముంటే."

షాలోమి ఏడవలేదు. పోలీసు కావాలనుకున్న పిల్ల. నమస్కారం పెట్టి బయటికొచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, నూజివీడు దాటాక, "ట్రంకు పెట్టె నీకు పనికొస్తుందిలే తాతా, గొడ్డలీ కొడవలీ పెట్టుకుందువు" అంది.

సలోమోను ఆ దారంతా ఆలోచించాడు. తండ్రి ఆ గాలిలో గొడ్డలి పట్టుకుని, చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి, "క్షమించవే తల్లీ" అనడం గుర్తొచ్చింది. ఆ మాట జోజమ్మ వినలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. సినిమాలో లేదు.

మర్నాడు పొద్దున్నే సలోమోను చర్చికి కట్టుకునే తెల్ల పంచె కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సెక్కాడు. ఆఫీసు తలుపులు తీసేటప్పటికి ఆయనే ముందు నిలబడి ఉన్నాడు. లక్ష్మీనరసింహారావు కుర్చీలో కూర్చునేదాకా ఆగాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఒకే రోజు అన్ని మాటలు ఎప్పుడూ వాడని మనిషి, బల్ల అంచు పట్టుకుని చెప్పాడు.

"నిన్న అబద్ధం చెప్పానండి. మా నాన్న నరికింది మనిషినే. పొయ్యిలో పెట్టాం. బాగా మండాడు."

లక్ష్మీనరసింహారావు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ మాట ముందే చెబితే పిల్లకి ఇంత ఇబ్బంది ఉండేది కాదు కదండీ" అని, పెన్ను మూత తీసి, 'కుటుంబ నడవడి సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాడు.