విడిగా ఉంటున్నట్టు రుజువు

ఆ రోజు పొద్దున పళ్ళమ్మాయి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి గది ఊడవాలి, పదింటికి తనిఖీ అధికారికి గది చూపించాలి, పదకొండింటికి క్లాసుకు వెళ్ళాలి. కట్టుడు పళ్ళు తయారుచేసే కోర్సు ఆఖరి సంవత్సరం చదువుతోంది కాబట్టి ఇంటి యజమాని దగ్గర్నుంచి కూరగాయల కొట్టు వరకూ అందరికీ ఆమె పళ్ళమ్మాయే.

విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయంలో రెండు రేట్లున్నాయి. తల్లిదండ్రులతో ఉంటే కింది రేటు, విడిగా ఉంటే పై రేటు. పై రేటు వస్తేనే గది అద్దె కట్టగలదు. రాకపోతే నెలాఖరుకు గది ఖాళీ చేసి, ఆఖరి సంవత్సరంలో చదువు మానేసి ఇంటికి పోవలసిందే. ఇంటి నుంచి కాలేజీకి బస్సులో మూడు గంటలు. అందుకే రాత్రంతా కునుకు లేదు. ఊడ్చిన నేలనే మూడోసారి ఊడుస్తుంటే తలుపు చప్పుడైంది.

ఎదురుగా అమ్మ నిలబడి ఉంది.

"అమ్మా, ఇవాళే ఎందుకొచ్చావ్? నువ్విక్కడ కనిపిస్తే కొంప మునుగుతుంది."

"అందుకేనే వచ్చాను. నా చెప్పులు, దుప్పటి, కళ్ళజోడు ఇక్కడే ఉండిపోయాయి. ఆ అధికారి చూస్తే నేనిక్కడే ఉంటున్నాననుకోడూ? అవి తీసుకుని చిటికెలో పోతాను."

చిటికె అరగంట సాగింది. చెప్పులు దొరికాయి గానీ కళ్ళజోడు లేకుండా కళ్ళజోడు వెతకడం అమ్మ వల్ల కాలేదు. ఇంతలో నాన్న దిగాడు. ఆయనకు అమ్మ వచ్చిన సంగతి తెలియదు. తన గడ్డం గీసుకునే సామాను పట్టుకుపోవడానికి వచ్చాడు. వచ్చిన మనిషి ఊరుకోవచ్చు కదా. స్నానాల గదిలో కుళాయి కారుతోందని దాని తల ఊడదీసి, కొత్త వాషరు కోసం పనిముట్ల సంచీ వెతకడానికి బాల్కనీలోకి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే మళ్ళీ తలుపు చప్పుడైంది. తొమ్మిదిన్నరకే అధికారి వచ్చేశాడు. పళ్ళమ్మాయి అమ్మను స్నానాల గదిలోకి తోసి, బాల్కనీ తలుపు మూసి, మొహం తుడుచుకుని గడియ తీసింది.

అధికారి సన్నటి మనిషి. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, గదంతా చూసి, అలమర దగ్గర చూపు ఆపాడు. అక్కడ గాజు గ్లాసుల్లో నాలుగు జతల కట్టుడు పళ్ళు నానుతున్నాయి.

"మీతో ఎంతమంది పెద్దవాళ్ళుంటారమ్మా?"

"ఎవరూ లేరు సార్. ఆ పళ్ళు నావే."

అధికారి ఆమె నోటి వంక చూసి, ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

"అంటే, నేను చేసినవి సార్. పరీక్షకి."

"అలాగే. లోపల నీళ్ళ చప్పుడు వస్తోంది, ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

లోపల తల లేని కుళాయికి అమ్మ బొటనవేలు అడ్డుపెట్టి పదినిమిషాలుగా నిలబడి ఉంది. పాపం, ఆమె మాత్రం ఎంతసేపని ఓర్చుకుంటుంది? "ఏవండీ, ఆ రెంచీ ఇటివ్వండి" అని స్నానాల గది పలికింది. "ఇదిగో" అంటూ బాల్కనీ కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. దగ్గరున్నవాడు అధికారే కాబట్టి ఆ రెంచీ ఆయనే అందుకున్నాడు.

ఇక దాచడానికేం మిగిలింది? నిలువునా తడిసిన అమ్మ ఒకవైపు నుంచి, నాన్న మరోవైపు నుంచి వచ్చి సాక్ష్యం మొదలెట్టారు.

"మేమిక్కడ ఉండం సార్. నేను ఊరికే వచ్చిపోతుంటాను. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రం" అంది అమ్మ.

"మంగళ, గురువారాలు నేను" అన్నాడు నాన్న, లెక్క సరిచేస్తున్నవాడిలా.

అధికారి కలం తీశాడు. ఒక ముక్క రాశాడో లేదో, భోంచేసి వెళ్ళాలని అమ్మ పట్టుబట్టింది. రెండో ముక్క దగ్గర, ఆయన కూర్చున్న కుర్చీ కాలు ఊగుతోందని నాన్న ఆయన్ని లేపి కుర్చీ తిరగేశాడు. కాగితాలు తడుస్తాయని అమ్మ ఫైలు తీసి భద్రంగా ఎక్కడో పెట్టింది. ఎక్కడ పెట్టిందో గుర్తులేక ఇద్దరూ వాదించుకున్నారు. ఫైలు దొరికాక, అంత చిన్న అక్షరాలు రాస్తే కళ్ళు పోతాయని ఆయన్నే మందలించారు.

"సార్, నేనిక్కడ ఒక్కదాన్నే ఉంటాను" అంది పళ్ళమ్మాయి. ఏడుపు తన్నుకొచ్చింది. "నన్ను ఒక్కదాన్నీ ఉండనివ్వరు, అంతే సార్. చదువు ఆపేయాల్సొస్తే నేనేం చెయ్యాలో కూడా నాకు తెలీదు."

అధికారి ఫైలు చంకలో పెట్టుకుని, చేతిలో రెంచీ ఇంకా ఉందని చూసుకుని, దాన్ని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పదిరోజులు పళ్ళమ్మాయి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పంటి అచ్చులు రెండు పాడుచేసింది, ఖాళీ చేస్తే ఏ సామాను ముందు కట్టాలో జాబితా రాసి చింపేసింది. పదకొండో రోజు ఉత్తరం వచ్చింది.

"పై రేటు మంజూరు చేయడమైనది. దరఖాస్తుదారు విడిగా ఉంటున్నదీ లేనిదీ తేలలేదు. అయితే తల్లిదండ్రుల మధ్య ఉండి చదువుకోవడం సాధ్యం కానప్పుడు కూడా నిబంధనల ప్రకారం పై రేటు ఇవ్వవచ్చు. అది సాధ్యం కాదని స్వయంగా చూశాను. వారి సమక్షంలో గంటసేపు ప్రయత్నించి నేను ఒక వాక్యం పూర్తి చేయలేకపోయాను. ముందస్తు సమాచారం లేకుండా ఎప్పుడైనా మళ్ళీ తనిఖీ జరగవచ్చు."

పళ్ళమ్మాయి గోడకు చేరగిలబడి, నవ్వుతూ ఏడ్చింది. వెంటనే ఫోన్లో అమ్మకు ఉత్తరమంతా చదివి వినిపించింది.

"ఎప్పుడైనా రావచ్చని రాశాడా?" అంది అమ్మ. "అయితే నువ్వొక్కదానివీ ఏం తట్టుకుంటావే తల్లీ."

తెల్లారేసరికి ఇద్దరూ పెట్టెలతో సహా దిగారు.