చేపలకు కళ్ళేవి?

ముద్ర సరిగ్గా పడలేదని కాగితాలు తిప్పికొట్టే గుమాస్తాలకు గుడి కట్టాలంటాను నేను. నవ్వకండి. మన మంగోలియాలో దేశభక్తి ఇంకా బతికి ఉందంటే అది వాళ్ళ చలవే!

మన జాతీయ చిహ్నం సోయోంబోను మీరు చివరిసారి పరీక్షగా చూసిందెప్పుడు? పైన మంట, దాని కింద సూర్యుడూ చంద్రుడూ, అటూ ఇటూ స్తంభాలు, నడుమ రెండు చేపలు. చేప కన్ను మూయదు కాబట్టి జాతి కూడా మేలుకుని ఉండాలని అర్థం. బడిలో చదివాం, పరీక్ష రాసిన సాయంత్రమే మరిచాం. ఇప్పుడు గుర్తుచేసే దిక్కెవరు? గుమాస్తాలే.

మా మేనమామ దంబీజావ్ సంగతే చూడండి. ఈ చలికాలం కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టి గడ్డిమీద గాజుమూత బిగించినట్టయింది. రెండు వందల గొర్రెలు, డెక్కలతో ఎంత గీకినా పరక దొరకడం లేదు. పక్క మండలంలో మేత ఉంది. అక్కడికి తోలాలంటే మా మండలం సోయోంబో ముద్ర ఉన్న ఉత్తరం కావాలి. మామ అది సంపాదించి, ఎనభై కిలోమీటర్లు మోటారుసైకిలు తోలుకుంటూ వెళ్ళి, అక్కడి గుమాస్తా ఓయున్‌గెరెల్ ముందు పెట్టాడు.

ఆవిడ భూతద్దం తీసింది. "చేపలకు కళ్ళేవి పెద్దాయనా?"

"ముద్ర అరిగిపోయిందమ్మా. చేపలైతే ఉన్నాయిగా."

"కళ్ళు లేకపోతే నిద్రపోతున్నట్టే లెక్క. నిద్రపోయే చేపలతో దేశం నడుస్తుందా? మళ్ళీ వేయించుకు రా."

ఎంత గొప్ప మాట! ఏ పంతులైనా ఇంత బాగా చెప్పాడా?

రెండోసారి కళ్ళు పడ్డాయి గానీ మంటకు మూడు నాలుకలుండాల్సిన చోట రెండే పడ్డాయి. ఆ మూడూ నిన్న, నేడు, రేపు అని ఆవిడే ఓపిగ్గా వివరించింది. "నీ ఉత్తరంలో రేపు లేదు," అంది.

"మరి ఎప్పుడు రమ్మంటావు తల్లీ?"

"రేపు."

ఈలోగా పదకొండు గొర్రెలు చచ్చిపోయాయి. మామ వాటి పక్కన కూర్చుని ఏడ్చాడు. చరిత్ర జ్ఞానం ఊరికే వస్తుందా మరి?

మూడోసారి ముద్ర నిగనిగలాడుతూ పడింది. ఇంకా ఆలస్యమైతే తోలడానికేవీ మిగలవని మామ ఈసారి మందను కూడా వెంటబెట్టుకుని నాలుగు రోజులు నడిచాడు. చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఓయున్‌గెరెల్ పొయ్యి పక్కన బల్లమీద తల వాల్చి గురక పెడుతోంది. మామ దగ్గాడు, కిటికీ తట్టాడు. నూట ఎనభై తొమ్మిది గొర్రెలు ఆ కిటికీ ముందునుంచే అరుచుకుంటూ మేతకు పోయాయి. ఆవిడ కదల్లేదు.

"గట్టిగా లేపకపోయావా మామా?" అనడిగాను.

"ఎందుకు అల్లుడూ? చేపలు మేలుకునే ఉన్నాయిగా. వాటి ధైర్యంతోనే ఆవిడ పడుకుంది."

ఉత్తరాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ముద్ర లోపలికి కనబడేలా రాయి అడ్డం పెట్టి వచ్చాడట.

అందుకే చెబుతున్నాను, ముద్ర స్పష్టంగా పడి తీరాలి. ఆఫీసులో ఎవరో ఒకరి కళ్ళైనా తెరిచి ఉండాలి కదా!