కదిరప్ప పిన్‌బాల్ మిషనుకు ఆయుధపూజ

ఊత్తంగరైలో చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలబెట్టిన వ్యాన్లు ఊరేగింపులా ఒకదాని వెనక ఒకటి కొట్టుకుపోయిన ఏడు అది. ఆ వరదలో జనానికి పోయినవే గాని వచ్చినవి లేవు. హోసూరు కదిరప్పకు మాత్రం ఒకటి వచ్చింది.

ఊత్తంగరైలో సుబ్బరాయుడని, ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టే ఆయన ఒకడున్నాడు. నీళ్ళు దిగాక ఆయన గోడౌను తలుపు తీస్తే, తిరిగే రాట్నం గుర్రాలన్నీ బురదలో పొర్లి పడుకున్నాయి. మూలన ఒక పెట్టె మాత్రం నాలుగు కాళ్ళ మీద నిలబడే ఉంది. అది పిన్‌బాల్ మిషను.

వాలుగా ఒక బల్ల, పైన అద్దం, లోపల ఒక ఉక్కు గుండు. స్ప్రింగు పిడి లాగి వదిలితే గుండు పైకి పోయి, దీపాలనూ గంటలనూ గుద్దుకుంటూ కిందికి దొర్లుతుంది. కింద రెండు రెక్కలు. పక్కనున్న బొత్తాలు నొక్కితే ఆ రెక్కలు లేచి గుండును మళ్ళీ పైకి తంతాయి. తన్నలేకపోతే గుండు గుంటలోకి, ఆడేవాడు ఇంటికి.

కుర్రతనంలో కృష్ణగిరి మామిడికాయల ఎగ్జిబిషన్‌లో కదిరప్ప ఆ ఆటకోసం లైన్లో నిలబడ్డాడు. తన వంతు రాగానే కరెంటు పోయింది. గడ్డం నెరిసినా ఆ కరెంటు వస్తుందేమోనని ఆయన మనసులో ఒక మూల ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఫ్యాన్సీ స్టోరు కొడుక్కిచ్చి ఖాళీగా ఉన్నాడు. ఖాళీగా ఉన్న మగవాడి చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే ఇంట్లో ఏ వస్తువుకూ ధైర్యం ఉండదు.

ఆ మిషనును సుబ్బరాయుడి దగ్గర కొని, టెంపోలో ఎక్కించి, టార్పాలు కప్పి, ఇంటికి తెచ్చి ముందుగదిలో దింపించాడు. ఆ గదిలోనే ఆయన భార్య సుధామణి జాకెట్లు కుడుతుంది.

"ఏమప్పా, బీరువా తెస్తానని కదా పోయినావు. దీనికి కాళ్ళుండాయే?"

"బీరువాకు కాళ్ళుండవా?"

"అద్దం పండుకోని ఉండాదే?"

"కొత్త మోడలు."

"లోపల గుండు దొర్లుతా ఉండాది."

కదిరప్ప ఇంక బీరువాను కాపాడలేకపోయాడు. "ఆట మిషను," అన్నాడు.

"ఆడుతాదా?"

"ఆడదు."

"సరిపోయె. ఈ ఇంట్లో ఉలకకుండా పలకకుండా కూర్చునేది నువ్వొకడివి ఉండావు. నీకు జత తెచ్చుకున్నావా?"

బాగుచేయడం ఎంతసేపు అనుకున్నాడు కదిరప్ప. హోసూరులో లేతు మిషన్లు లేని సందు లేదు. ఇనుము చూపిస్తే ఏనుగునైనా తిప్పి ఇస్తారు. గుండు తుప్పు పట్టిపోతే బేరింగు అంగడిలో అంతే గుండు దొరికింది. రెక్కలను లేపే రాగితీగ కాయిలు కాలిపోతే కృష్ణగిరిలో మోటార్లు చుట్టే అంగడిలో కొత్తది చుట్టి ఇచ్చారు. ఆ అంగడివాడు "ఏ ఊరి బోరు మోటారన్నా ఇది?" అని అడిగాడు. కదిరప్ప గౌరవం కోసం వేప్పనపల్లి అన్నాడు.

అక్కడికి ఆగింది బండి. ఒక రెక్కకు తొడిగే రబ్బరు ఉంగరం, పిడిలోపలి స్ప్రింగు, గుండు తగిలితే గంట కొట్టే, మోటార్ల అంగడివాడు చుట్టలేనన్న చిన్న కాయిలు, గూట్లో పట్టే దీపం, ఈ నాలుగూ దొరకలేదు. బెంగుళూరులో పాత సామాన్ల సందులన్నీ తిరిగాడు. ఒకడు సైకిల్ ట్యూబు కోసి ఇస్తానన్నాడు. ఇంకొకడు మిషనే అమ్మమన్నాడు. ముంబైలో ఇట్లాంటివి బాగుచేసే ఆయనకు ఫోన్ చేస్తే, ఆయన చాలాసేపు నవ్వి, "ఆ కంపెనీ మూతపడినప్పుడు నేను పుట్టనే లేదు సార్" అన్నాడు. విదేశం నుంచి తెప్పించాలట. ఎప్పటికి వస్తాయంటే, "వచ్చినప్పుడు" అన్నాడు.

ఎండాకాలం పోయింది. వానాకాలం వచ్చింది. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు ఆ అద్దం మీద చేతిసంచులు పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఒకరోజు సుధామణి దానిమీద వడియాలు ఆరబెట్టింది. కదిరప్ప అన్నం తినలేదు. వడియాలు మాత్రం తిన్నాడు.

దసరా దగ్గర పడగానే సుధామణి మాట తేల్చేసింది.

"చూడప్పా. మా అమ్మగారింట్లో కానీ ఈడ కానీ, ఆయుధపూజ నాడు తిరగని మిషను గడప లోపల ఉండకూడదు. తిరిగితే బొట్టు పెడతా, నీ ఇష్టమున్నన్నాళ్ళు పెట్టుకో. తిరగకపోతే చెన్నప్ప బండి ఎక్కిస్తా."

చెన్నప్ప పాత ఇనుము కొంటాడు. దేన్ని చూసినా, ఎవరిని చూసినా బరువు ఎంతుంటుందో కంటితోనే తూస్తాడు. అందుకే తూకం చెన్నప్ప అంటారు. పెళ్ళికూతురిని చూడబోయి కూడా అట్లాగే చూశాడట, సంబంధం తప్పిపోయింది. పిలవకుండానే ఆ సాయంత్రం వచ్చి, పిన్‌బాల్ మిషను డొక్కలో వేలు మడిచి కొట్టి చూశాడు.

"చెక్కే ఎక్కువ ఉండాది కదిరప్పన్నా. ఇనుము తక్కువ," అని జాలిపడి పోయాడు. కదిరప్పకు తన బిడ్డను ఎవరో పీలగా ఉందన్నట్టు అనిపించింది.

పూజకు ముందురోజు మధ్యాహ్నం సుధామణి పూలకు, బూడిద గుమ్మడికాయకు బజారుకు పోయింది. కదిరప్ప ఒంటరిగా కూర్చుని ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. చూస్తుంటే ఇల్లంతా స్పేర్ పార్టుల్లా కనిపించసాగింది.

సుధామణి కుట్టుమిషనులో బాబిన్‌కు దారం చుట్టే చిన్న చక్రానికి నల్ల రబ్బరు ఉంగరం ఉంది. తీసి రెక్కకు తొడిగాడు. అల్లుడి వేలికి అత్తగారు పెట్టిన ఉంగరంలా కొంచెం బిగువుగానే పట్టింది. గ్యాసు లైటరు విప్పితే మంచి స్ప్రింగు దొరికింది. వాకిలి కాలింగుబెల్లు మూత తీస్తే టింగ్‌టాంగ్ అనిపించే కాయిలు బంగారంలా మెరిసింది. ఫ్రిజ్‌లో బల్బు ఉండనే ఉంది.

దొంగతనం కాదని తనకు తానే చెప్పుకున్నాడు. రేపు మిషను తిరుగుతుంది, బొట్టు పడుతుంది, సాయంత్రం సుధామణి గుడికి పోతుంది, అన్నీ యథాస్థానానికి చేరుతాయి. ఎవరికీ నష్టం లేదు. పథకంలో ఎక్కడా లొసుగు లేదు. ఆయన పథకాల్లో ఎప్పుడూ లొసుగు ఉండదు. అది సుధామణి రూపంలో బయటి నుంచి వస్తుంది.

పూజనాడు పొద్దున్నే స్నానాలయ్యాయి. స్విచ్చు వేస్తూ కదిరప్ప కళ్ళు మూసుకున్నాడు. దీపం వెలిగింది. పిడి లాగి వదిలాడు. గుండు రివ్వున పైకి పోయింది. టింగ్‌టాంగ్! టింగ్‌టాంగ్!

"ఎవురో వచ్చినట్టుండాది," అంది సుధామణి.

"ఎవురూ లేరు. గుండు."

"అచ్చం మన బెల్లు మాదిరే ఉండాదే."

"అన్ని బెల్లులూ అట్లనే ఉంటాయిమ్మే."

గుండు దొర్లి వచ్చింది. కదిరప్ప బొత్తం నొక్కేలోగా గుంటలో పడింది. సుధామణి కొంగు దోపుకుని, "జరుగు, నేను చూస్తా," అంది. కాలితో తొక్కుతూ రెండు చేతులతో గుడ్డ నడిపే మనిషి; కుడి ఎడమ ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గుండు కిందికి వచ్చిన ప్రతిసారీ రెక్క దానికోసం కాచుకుని ఉంది. కదిరప్ప కాఫీ తాగి, లోటా కడిగి, తిరిగివచ్చేసరికి కూడా గుండు కింద పడలేదు.

"తిరుగుతాది కదా?" అన్నాడు మెల్లిగా.

"తిరుగుతాది. మాట మాటే," అని సుధామణి మిషనుకు పసుపు, కుంకుమ, చామంతి దండ వేసింది. హారతి ఇచ్చింది. వాకిట్లో గుమ్మడికాయ కొట్టించింది. తరువాత పసుపు దారం తెచ్చి, మిషను అద్దానికీ కాళ్ళకూ కలిపి ముడివేసింది.

"ఇదేంటికి?" అన్నాడు కదిరప్ప.

"ఏంటికేంది? పూజకు పెట్టిన ఆయుధాన్ని మర్నాడు పొద్దున దాకా తాకకూడదు కదా. నీ అంగట్లో ఆ పొద్దు కత్తెర ముట్టుకున్నాడని ఉమాశంకర్‌ను ఎంత తిట్టినావు, కన్నకొడుకని కూడా చూడకుండా!"

ఆ ఆచారం ఇంట్లో అందరికన్నా గట్టిగా పట్టుకున్నది కదిరప్పే. ఇప్పుడు ఆ పార్టులన్నీ అమ్మవారి కస్టడీలో ఉన్నాయి.

"రవంత తుడిచి పెడతా, దుమ్ముండాది."

"దుమ్ముకూ బొట్టు పెట్టినా. ఉండనీ."

సరే, కుట్టుమిషను కూడా పూజలోనే ఉంది, రేపటిదాకా ఎవరూ దాన్ని తిప్పరు అని ధైర్యం చెప్పుకుని కదిరప్ప గాలికోసం వాకిట్లోకి పోయాడు. తల ఎత్తితే కాలింగుబెల్లు డబ్బా. దాని మూత మధ్యలో గుండ్రంగా కుంకుమ బొట్టు.

ప్రతి ఏడూ పెడుతుందా బెల్లుకు? గుర్తుకు రాలేదు.

నీళ్ళు తాగుదామని వంటింట్లోకి పోయాడు. స్టవ్వు పక్కన గ్యాసు లైటరు. దానికీ ఒక బొట్టు. చల్లటి మజ్జిగ కావాలనిపించి ఫ్రిజ్ తెరిచాడు. లోపలంతా చీకటి. బల్బు ఉండాల్సిన చోట ఖాళీ హోల్డరు, ఆ హోల్డరుకు బొట్టు, పక్కన ఒక చామంతి పువ్వు.

మజ్జిగ తాగకుండానే ముందుగదికి వచ్చి కుట్టుమిషను వైపు చూశాడు. రబ్బరు ఉంగరం లేక బోసిగా ఉన్న ఆ చిన్న చక్రం మీద, మిషనంతటికీ పెద్ద బొట్టు.

అప్పుడు తట్టింది ఆయనకు. ఆయుధపూజకు ముందు సాయంత్రం సుధామణి ప్రతి వస్తువునూ తుడుస్తుంది, నూనె వేస్తుంది, స్క్రూ స్క్రూ తడిమి చూస్తుంది. ఏడాదికి ఒక్కరోజు ఇంట్లో ఏ పార్టు ఎక్కడుందో ఆమెకు తెలిసే రోజు ఏదైనా ఉందంటే, ఏరి కోరి ఆ రోజే చెయ్యి పెట్టాడు.

"ఏమప్పా, మొగం అట్ల వాడిపోయింది?" అంటూ వచ్చి సుధామణి ఆయన నుదుటిమీద కూడా కుంకుమ పెట్టింది. "ఈ ఇంట్లో తిరగకపోయినా బొట్టు పెట్టించుకునేది నువ్వొకడివే."

మాట అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు. తిట్టి ఉంటే కదిరప్ప తట్టుకునేవాడు.

అంతలో గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారు. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే నాగజ్యోతి, ఎండకు ఎర్రబడి నిలబడి ఉంది.

"ఎంతసేపటి నుంచి బెల్లు కొడుతున్నానండీ ఆంటీ! మోగట్లేదు."

"అట్లనా? ఏమప్పా, బెల్లు ఏంటికి మోగలేదంట?"

"కరెంటు," అన్నాడు కదిరప్ప.

"ఫ్యాను తిరుగుతా ఉండాదే?"

"బెల్లు కరెంటు వేరే."

"ఓహో," అంది సుధామణి, చాలా నేర్చుకున్నదానిలా. నాగజ్యోతికి బొరుగులు, పుట్నాలు, బెల్లం పొట్లం కట్టి ఇచ్చింది. "నీ జాకెట్టు రేపు పొద్దున పండగ పూట మొదలుపెడతానమ్మా. తొమ్మిదికంతా వచ్చి కొలత ఇచ్చిపో."

నాగజ్యోతి పోకముందే తూకం చెన్నప్ప వచ్చాడు. ఆయన బండికీ దండ, తక్కెడకూ బొట్టు. పిన్‌బాల్ మిషను మీది పసుపుదారం చూసి, "తిరిగిందా ఏమి?" అన్నాడు, సొంత సొత్తు పోయినట్టు.

"తిరిగింది చెన్నప్పా," అంది సుధామణి. "అయితే లోపల ఉండే సామాను ఎవురిదో తేలాల. రేపు పొద్దున రా. ఎక్కించాల్సొస్తే ఎక్కిద్దాం."

ఆ రోజంతా కదిరప్ప నోట్లోకి బొరుగు గింజ దిగలేదు. ఒప్పుకుంటే మిషను పోతుంది. ఒప్పుకోకపోతే, తెల్లారి ఆమె అద్దం ఎత్తించి చెన్నప్ప ముందే చూపిస్తుంది, పరువుతో కలిపి పోతుంది. ఒకటే దారి: ఆమె లేవకముందే లేచి, దారం విప్పి, ఎవరివి వాళ్ళకు అప్పజెప్పడం. తిరగని మిషనైనా బొట్టు పడ్డ మిషనే కదా, అప్పుడు వాదించుకోవచ్చు.

కాకులు లేవకముందే లేచాడు. స్క్రూడ్రైవరు పంచెలో దోపుకుని ముందుగదిలోకి అడుగుపెట్టగానే, టింగ్‌టాంగ్ అని వినపడింది.

సుధామణి కాఫీ లోటా అద్దం మీద పెట్టుకుని ఆడుతోంది.

"రాప్పా," అంది తల తిప్పకుండా. "దారం నేనే విప్పినా. స్క్రూడ్రైవరుకు బొట్టు పెట్టినావా?"

కదిరప్ప స్క్రూడ్రైవరు బయటికి తీశాడు. "నాలుగే పార్టులుమ్మే. రాత్రికే పెట్టేద్దామనుకున్నా. ఇప్పుడు తీసి పెట్టేస్తా."

"యాడ తీస్తావు? ఈ మిషన్లో ఉండంగా పూజ అయిపోయింది వాటికి. హారతి చూసిన పార్టును ఊడబెరికితే ఇల్లు బాగుపడుతాదా?"

"మరి చెన్నప్ప?"

"ఏంటికి పంపేది? రెక్క ఆడేది నా రబ్బరుతో. గుండు ఎగిరేది నా లైటరుతో. గంట నాది, దీపం నాది. ఇంక మిషను ఎవురిది?"

కదిరప్ప ఆలోచించాడు. ఎటునుంచి చూసినా లెక్క ఒకటే వచ్చింది.

"నీది," అన్నాడు.

"నా మిషను చెన్నప్ప బండి ఎందుకు ఎక్కుతాది?" అని ఆమె బొత్తం నొక్కింది. గుండు మళ్ళీ పైకి పోయింది. "జాకెట్ల కోసం వచ్చేవాళ్ళు ఊరికే కూర్చోకుండా ఆడుకుంటారు. నీ వంతు అడిగితే ఇస్తాలే, ఎవురూ లేనప్పుడు. సరే గాని, బాబిన్‌కు దారం చుట్టాల, చక్రానికి ఉంగరం లేదు. వాకిట్లో బెల్లు లేదు. ఎట్లప్పా?"

పండగపూట ఉంగరం, బెల్లు అమ్మే అంగళ్ళు తెరవరని కదిరప్పకు తెలుసు. అందుకని ఆ పొద్దున ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెన్సిలుకు బాబిన్ గుచ్చి, చేత్తో దారం చుట్టసాగాడు. ఖాళీ బండితో చెన్నప్ప వచ్చి, ఆయన్నొకసారి పైనుంచి కిందికి తూచి, తల ఊపి వెళ్ళిపోయాడు. తొమ్మిదికి నాగజ్యోతి గేటు తీసింది. కదిరప్ప చుట్టడం ఆపి, మెడ లోపలికి తిప్పి, గొంతు సవరించుకుని, గట్టిగా అన్నాడు:

"టింగ్‌టాంగ్!"