ఛత్రినాకకు తగిన కాటమరాన్

వానాకాలంలో ఛత్రినాకలో సొంతిల్లు ఉన్నవాడికంటే అదృష్టవంతుడు ఈ నగరంలో లేడు! గోవాలో సముద్రం కనిపించే గది కోసం జనం ఆస్తులు కరగబెడుతున్నారు. ఇక్కడ సముద్రమే చెప్పులు విడవకుండా హాల్లోకి వచ్చి కూర్చుంటుంది. మనవాళ్లేమో దాన్ని బక్కెట్లతో బయటికి తోస్తారు. ఇంటికొచ్చిన అతిథికి ఇదేం మర్యాద?

ఈ అదృష్టం విలువ తెలిసినవాడు మహబూబ్ భాయ్ ఒక్కడే. ఆయనకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, ఛత్రినాకలో పల్లపు గల్లీలో ఇల్లు. అత్తవారింట్లో ఉన్న కూతురు నుజహత్‌కు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురిలో తలెత్తుకోగలరా? భార్య సురయ్యా అప్పుడే మెత్తటి పాత దుపట్టాలు కత్తిరించి పొత్తిగుడ్డలు కుట్టేసింది. డాక్టరమ్మ చెప్పిన తేదీ మాత్రం నడి వానాకాలంలో పడింది. వాన పడితే ఆటోవాళ్లు మెయిన్ రోడ్డు దిగి రారు. నొప్పులు మొదలైతే కూతుర్ని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలి? ఆ బెంగతో మహబూబ్‌కు తిండి సయించలేదు.

ఫోన్లో వీడియోలు చూసి చూసి, చివరికి కాటమరాన్ కొనాలని తేల్చాడు. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన కలిపి, నడుమ గట్టి గుడ్డ బిగించి, తెరచాప ఎత్తితే అదే కాటమరాన్. అంత తేలిగ్గా ఒరగదు, తక్కువ నీళ్లలోనూ పోతుంది. నడిమి గుడ్డ మీద నుజహత్ హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. మీ అంబులెన్సులో ఇంత గాలి వస్తుందా?

అయితే పాఠకులారా, కాటమరాన్ ఎంచుకోవడం షేర్వానీ ఎంచుకున్నంత తేలిక కాదు. ఫైబర్‌ది రయ్యిమని పోతుంది కానీ, ఆరితేరినవాళ్లకే లొంగుతుంది. ప్లాస్టిక్‌ది నిదానం, అరుగుకు కొట్టుకున్నా పగలదు. గల్లీ నిండా అరుగులే కాబట్టి ప్లాస్టిక్‌దే ఖాయం. మహబూబ్ దుకాణంలోని గజం బద్ద తెచ్చి గల్లీ వెడల్పు కొలిచాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇరుక్కుంటుందని తేలింది. అక్కడ దారి వెడల్పయ్యేలా ఎదురింటి విశ్వేశ్వర్ తన మెట్లు పగలగొట్టిస్తానన్నాడు, బదులుగా వాన రోజుల్లో తన పిల్లల్ని బడి దగ్గర దింపాలన్నాడు. కరెంటు తీగలకు తగలకుండా తెరచాప కొయ్యను సగానికి కోయించాలి. ఈ మాత్రం సర్దుబాటు లేకుండా నౌకాయానం ఉంటుందా!

ఇక విశాఖపట్నంలో పడవలమ్మే వివేక్‌కు ఫోన్ చేశాడు. ఆయన ముందుగా అనుభవం అడిగాడు.

"చిన్నప్పటి సంది పతంగులు ఎగరేస్తున్న భాయ్. గాలి ఎటు తిరుగుతదో నా చెయ్యికే తెలుస్తది" అన్నాడు మహబూబ్.

వివేక్ నవ్వలేదు. గాలి తెలిస్తే సగం పని అయినట్టేనన్నాడు. తర్వాత నీళ్ల లోతు అడిగాడు, ప్రవాహం ఎటని అడిగాడు. మహబూబ్ ఉత్సాహంగా అన్నీ చెప్పాడు.

"నీళ్ల కింద ఏముంటుందండీ? ఇసుకా, రాళ్లా?"

"మురుగు నాలా ఉంటది. మ్యాన్‌హోళ్లు కొన్నిటికి మూతలు ఉంటయి, కొన్నిటికి ఉండయి."

పడవ ఎక్కేది ఎవరని వివేక్ మెల్లగా అడిగాడు. మహబూబ్ చెప్పాడు.

"మీకు పడవ అమ్మనండీ. అమ్మాయిని మెరక మీదే ఉంచండి. ఆ నీళ్లలో ఏ పడవా వెయ్యకూడదు."

ఆ సాయంత్రమే మహబూబ్ మెహదీపట్నంలోని వియ్యంకుడికి ఫోన్ చేసి, కాన్పు అక్కడే కానివ్వమని బతిమాలుకున్నాడు. సురయ్యా పొత్తిగుడ్డలన్నీ మూటగట్టి పంపింది. కూతురికి తన చేత్తో పథ్యం వండిపెట్టే భాగ్యం లేకపోయిందని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

లోతెంత, ప్రవాహం ఎటు, కింద ఏముంది, దాటాల్సింది ఎవరు? వానలు ముంచిన ప్రతిసారీ రబ్బరు పడవెక్కి, ఫొటోలు దిగి, చేతులూపి పోయే పెద్దమనుషులెవరూ ఆ గల్లీవాళ్లను ఈ నాలుగు మాటలు అడగలేదు. అడిగినవాడు ఒక్కడే. అడిగాక, పాపం, తన సరుకు కూడా అమ్ముకోలేకపోయాడు!